విమానం పోయేదాకా తెలుగు

పొయ్యి మీద కుక్కరులో పప్పు ఉడుకుతోంది. నేను చింతపండు పిసుకుతూ విజిల్స్ లెక్కపెట్టుకుంటున్నాను. రెండు వినిపించాయి. మూడోది వచ్చే వేళకు మా ఇంటి నెత్తి మీదుగా విమానం లేచింది. గూట్లో గిన్నెలు గలగలలాడాయి. గోడకున్న క్యాలెండరు అటూ ఇటూ ఊగింది. రొద సద్దుమణిగాక చూస్తే కుక్కరు ఏమీ ఎరగనట్టు కూర్చుంది. మూడో విజిల్ వేసిందా, లేదా? అది దానికే తెలియాలి.

అందుకే మా ఇంట్లో పప్పు ఒకరోజు పలుకుగా, ఇంకోరోజు జావలా ఉంటుంది. ఇంత జరిగినా నేను చెప్పేది ఒక్కటే. విమానాల రొద వరం! ముఖ్యంగా ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు చదువు చెప్పాలంటే తల మీద విమానం ఎగరాల్సిందే. ప్రొజెక్టరు లేకపోయినా పాఠం నడుస్తుంది. సగం ఫ్యాన్లు తిరగకపోయినా నడుస్తుంది. విమానం లేకపోతే మాత్రం నడవదు.

నవ్వొస్తోందా? మీ ఇంటి మీద విమానాలు ఎగరవేమో, అందుకే నవ్వొస్తుంది.

శంషాబాద్ చుట్టుపక్కల కాపురముండే మనుషులు రెండు రకాలు. విమానం రాగానే మాట ఆపేసేవాళ్లు ఒక రకం. విమానం మీద గొంతు పెంచేవాళ్లు ఇంకో రకం. మా ఇంటి ఓనరు బుచ్చయ్య మొదటి రకం. ఒకప్పుడు జొన్న పండించిన రైతు. ఇప్పుడు కింద వాటాలో ఉంటూ, పైనున్న గది మా అక్కాచెల్లెళ్లకు కిరాయికిచ్చాడు. విమానం వచ్చిందంటే నోట్లో మాట ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. తెరిచిన నోరు తెరిచినట్టే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే. రొద పోయాక సరిగ్గా అదే అక్షరం దగ్గర అందుకుంటాడు. కొత్తగా వచ్చిన కరెంటు మీటరు మనిషి ఒకసారి ఆయన్ను అలా చూసి, పక్షవాతం వచ్చిందనుకుని నీళ్ల కోసం పరుగెత్తాడు.

విమానం పోయినప్పుడల్లా మా తలుపు టపటపా కొట్టుకుంటుందని బుచ్చయ్యే తుమ్మచెక్క చెక్కి ఒక ముక్క చేసిచ్చాడు. తలుపు కింద దూరిస్తే చాలు, ఎంత పెద్ద విమానం వచ్చినా తలుపు కదలదు. మా గదిలో విలువైన సామాను ఏదని అడిగితే నేను ఆ ముక్కనే చూపిస్తాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అక్క రెబెక్కా తుక్కుగూడ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెబుతుంది. షాద్‌నగర్ అవతల మా ఊరి బడిలో తెలుగులో లెక్కలు నేర్చుకుని, ఎంతో కష్టపడి ఆ లెక్కలనే ఇంగ్లీషులో చెప్పే స్థాయికి ఎదిగిన మనిషి. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఈ ఏడాది గడిస్తే అవుతుంది. గడవాలి కదా!

మొదటి సంవత్సరం పిల్లలంటే ఎలా ఉంటారో మీకు తెలుసా? ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో మగ్గి వచ్చినవాళ్లు. అక్కడ టైమ్ టేబుల్లో తిండికి చోటుంది, నిద్రకు కొంచెం చోటుంది, ప్రశ్న అడగడానికి మాత్రం చోటు లేదు. అలాంటి పిల్లల ముందు నిలబడి మా అక్క రోజూ 'ఎనీ డౌట్స్?' అని అడుగుతుంది. అంతే! క్లాసంతా ఒక్కసారిగా తలలు వంచేస్తుంది, బెంచీల కింద పడిపోయిన వస్తువేదో అందరూ కలిసి వెతుకుతున్నట్టు.

నిజానికి డౌట్లు లేక కాదు. ఉన్నాయి, కుప్పలుగా ఉన్నాయి. అవి ఇంగ్లీషులో రావు, అదొక్కటే చిక్కు.

మహేశ్వరం నుంచి వచ్చే పూర్ణిమ అనే అమ్మాయినే చూడండి. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. లెక్కల్లో దిట్ట. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే ఆ పిల్లకు ఒక డౌటొచ్చింది. దాన్ని మనసులో ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టింది. ముందు వాక్యం కట్టింది. 'డూ' పెట్టాలా 'డజ్' పెట్టాలా అని ఆలోచించింది. పెట్టింది, తీసేసింది, మళ్లీ పెట్టింది. తీరా వాక్యం తయారయ్యేసరికి మేడమ్ తర్వాతి చాప్టరులో ఉంది. అక్కడ ఇంకో డౌటు! ఇలా ఒకదాని వెనుక ఒకటి, బస్సు కోసం నిలబడ్డ జనంలా డౌట్లన్నీ ఆ పిల్ల గొంతులో లైను కట్టాయి. బస్సు మాత్రం రాలేదు.

మరి తెలుగులో అడగొచ్చుగా అంటారా? అమ్మో!

ఆ కాలేజీలో తరగతి గది గడప దాటాక ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదు. పిల్లలే కాదు, టీచర్లు కూడా. ప్రతి గదిలో కిటికీ పైన ఒక కెమెరా, దానికి మైకు. డైరెక్టరు గారు తన గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కో క్లాసూ వింటుంటారు. మనం పాటలు వింటామే, అలాగ. ఈ నియమం ఎంత గొప్పదో అడ్మిషన్ల రోజున తల్లిదండ్రులకు ఆయనే స్వయంగా వివరించారు. తెలుగులో వివరించారు.

దసరా సెలవులకు ముందు ఒకరోజు మా అక్క నోటి నుంచి 'అర్థమైందా' అనే మాట జారింది. ఒక్క మాట! మరుగంటలో డైరెక్టరు గదికి పిలుపొచ్చింది. ఆయన గోదావరి వైపు మనిషి, మాట మెత్తన, మర్యాద ఎక్కువ.

"కూర్చోండమ్మా. మీరు బాగా చెబుతారని నాకు తెలుసండి. కానీ ఆ తెలుగు ఇంకొక్కసారి వినపడిందంటే మాత్రం, వచ్చే సెమిస్టరుకి నేను వేరేవాళ్లని చూసుకోవాల్సి వస్తుందండి. ఏమీ అనుకోకండి" అన్నారు.

అక్క ఏమీ అనుకోలేదు. తెలుగు మాట్లాడకూడదనే సంగతిని ఎంత చక్కటి తెలుగులో చెప్పారో అని మాత్రం అనుకుంది. ఆయన గదిలో మైకు లేదు మరి.

ఆ రోజు నుంచి మా అక్క ఇంట్లో కూడా 'అర్థమైందా' అనడం మానేసింది. తెలుగు మాట ఇంకొక్కటి జారితే ఉద్యోగం పోతుంది. ఇది మీరూ గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మా అక్క ఒక్క నిమిషం కూడా మర్చిపోలేదు.

ఇదిగో, ఇలాంటి సమయంలోనే ఆకాశం నుంచి సాయం వచ్చింది!

ఆ రోజు పాఠం మాట్రిక్సులు. బోర్డు మీద లాంబ్డా అనే గుర్తు పెట్టి అక్క ఏదో చెబుతుంటే విమానం వచ్చింది. అక్క మా ఓనరు రకమే కాబట్టి చాక్‌పీసు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. రెండో బెంచీలో పూర్ణిమ, ఇంత రొదలో ఎవరికి వినపడుతుందిలే అనుకుని, నెలల తరబడి గొంతులో నిలబెట్టిన లైనును ఒక్కసారి వదిలింది.

"మేడమ్, గా లాంబ్డా ఏడికెల్లి వచ్చింది?"

పక్కనే ఉన్న అక్కకు వినపడింది. కిటికీ పైనున్న మైకుకు మాత్రం విమానం తప్ప మరేదీ వినపడదు. అక్క మైకు వంక చూసింది, విమానం వంక చూసింది, పిల్ల వంక చూసింది. తర్వాత ఊళ్లో అవతలి గట్టు మీదున్న మనిషిని కేకేసే గొంతుతో అందుకుంది.

"గాలిదుమారం వచ్చిందనుకో. చెట్లు, రేకులు, దండెం మీది బట్టలు అన్ని ఏడికో ఆడికి తిరిగిపోతయి. ఒక్కటి మాత్రం తన దారి ఇడువదు. పొడుగైతది, పొట్టిగైతది, గంతే. గట్ల దారి ఇడువనిదే ఐగెన్ వెక్టర్. అది ఎంత పొడుగైందో చెప్పేది లాంబ్డా."

విమానం వెళ్లిపోయింది. అక్క 'సో, స్టూడెంట్స్' అంటూ బోర్డు వైపు తిరిగింది. క్లాసు మొత్తం తలలెత్తి చూస్తోంది. బెంచీల కింద ఇక ఎవరికీ ఏ పనీ లేదు.

మర్నాడు విమానం వచ్చేసరికి ముగ్గురు లేచారు. ఆ మర్నాడు ఎవరు ముందు అడగాలో విరామంలోనే మాట్లాడుకుని పెట్టుకున్నారు. చూశారా మరి! ఏ శిక్షణ శిబిరం, ఏ మోటివేషన్ స్పీకరు ఇంత పని చేయగలడు?

నెల తిరిగేసరికి సిలబస్ మొత్తం విమానాల ప్రకారం అమరిపోయింది. చిన్న విమానానికి మైనస్ గుర్తు ఎందుకు మారిందో చెప్పొచ్చు, అంతకు మించి పట్టదు. పార్షియల్ డెరివేటివ్ కావాలంటే మధ్యరకం రావాలి. దేశాలు దాటే పెద్ద విమానం గర్జించుకుంటూ లేచిందంటే ఒక సిద్ధాంతం మొదలు నుంచి తుది దాకా, మధ్యలో ఒక ఉదాహరణతో సహా పూర్తవుతుంది. కాటేదాన్ నుంచి వచ్చే పాండు అనే కుర్రాడు వెనక బెంచీలో చెవి రిక్కించి ఉండి, పెద్దది వస్తోందని వేలెత్తి సైగ చేసేవాడు. వాళ్ల ఇల్లు రేకులు కోసే మిషన్ల పక్కనే. పుట్టినప్పటి నుంచీ వాడి గొంతు విమానానికి ఒక మెట్టు పైనే ఉంది. ముందు బెంచీ పిల్లల డౌట్లు కూడా వాడే అరిచి చెప్పేవాడు, కరెంటు అక్కర్లేని మైకులాగ!

కష్టాలు లేవని కాదు. గాలి తిరిగిన రోజు విమానాలన్నీ అవతలి వైపుకు లేచిపోయేవి. ఇక ఆ రోజు క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అక్క ఇంగ్లీషులో చెప్పుకుపోతుంది, పిల్లలు బెంచీల కింద వెతుక్కుంటారు. పొగమంచు కమ్మి విమానాలు ఆలస్యమైతే ప్రయాణికులు ఎయిర్‌పోర్టులో విసుక్కుంటారు కదా, అదే సమయంలో తుక్కుగూడ దారిలో అరవై మంది పిల్లలు కూడా పరేషాన్ అయ్యేవాళ్లని ఎవరికి తెలుసు? పొద్దున లేవగానే మా అక్క తలుపు తీసి ముందు గాలి ఎటుందో చూసుకునేది. బుచ్చయ్య చూసి, "ఏంది బిడ్డా, వ్యవసాయం పెట్టినవా?" అని అడిగేవాడు.

పరీక్షలు జరిగాయి. అక్క క్లాసుకు మార్కులు కుమ్మరించినట్టు వచ్చాయి. డైరెక్టరు గారు పొంగిపోయారు. టీచర్లందరినీ కూర్చోబెట్టి, దసరా తర్వాత రెబెక్కా క్లాసులో తన హెడ్‌ఫోన్లకు ఒక్క తెలుగు ముక్క కూడా తగల్లేదని, ఇంగ్లీషులో చెబితే ఫలితాలు ఎలా ఉంటాయో చూసి నేర్చుకోమని అందరికీ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క తల వంచుకుంది. బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు.

అక్కడితో ఆగితే ఈ రాత రాయాల్సిన పని నాకు ఉండేది కాదు. మంచి టీచరుకు బహుమానం ఇవ్వాలని డైరెక్టరు గారికి అనిపించింది. శాలువా కప్పి ఉంటే సరిపోయేది. జ్ఞాపిక ఇచ్చినా సర్దుకునేవాళ్లం. ఆయన బాగా ఆలోచించి, అంత మంచి ఇంగ్లీషును ఈ దిక్కుమాలిన విమానాలు పాడుచేస్తున్నాయని గ్రహించి, కాలేజీ మొత్తంలో మొట్టమొదటగా అక్క క్లాసుకే శబ్దం రాని కిటికీలు పెట్టించారు!

రెండు పొరల అద్దం. చుట్టూ రబ్బరు. తెరవాలంటే తెరుచుకుంటుంది, కానీ చెయ్యి తీయగానే స్ప్రింగు లాగి దానంతటదే మూసుకుంటుంది. ఎవరైనా మర్చిపోయి తెరిచి ఉంచుతారేమోనని ఆ ఏర్పాటట. ఎంత ముందుచూపు!

నిన్న ఆ కిటికీలతో మొదటి క్లాసు. మా అక్క సాయంత్రం వచ్చి బ్యాగు కూడా దించకుండా చెప్పింది. గది చల్లగా, నిశ్శబ్దంగా ఉందట. చాక్‌పీసు గీత కూడా వినపడుతోందట. తన ఇంగ్లీషు తనకే మరీ పెద్దగా వినపడుతోందట. పాఠం సగంలో ఉండగా అద్దం అవతల ఒక పెద్ద విమానం లేచింది. చప్పుడు లేదు. నీళ్లలో చేప కదిలినట్టు కదిలిపోతోంది.

మనం ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. విమానాల కింద పెరిగినవాళ్లకు విమానం చెవులతోనే కాదు, కళ్లతో కూడా వినపడుతుంది. పూర్ణిమ కిటికీలో విమానాన్ని చూసింది. అలవాటు కొద్దీ లేచి నిలబడింది. విమానానికి సరిపడా గొంతు పెట్టి అడిగింది.

"మేడమ్, నాకు సమజ్ కాలే! జర మల్ల చెప్పుర్రి!"

ఆ నిశ్శబ్దంలో ఆ గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. హెడ్‌ఫోన్లలో ఎలా వినపడిందో ఆ చెవులకే తెలియాలి. పిల్లలందరూ బిగుసుకుపోయారు. పూర్ణిమ రెండు చేతులతో నోరు మూసుకుని కూలబడింది.

మా అక్క ఏం చేసిందంటారా? ఆమె విమానం వస్తే ఆగే రకం. చప్పుడు లేని విమానానికి కూడా ఆగిపోయింది. చాక్‌పీసు పట్టుకుని, కెమెరా వంక చూస్తూ, అద్దంలోంచి ఆ విమానం తోక కూడా మాయమయ్యేదాకా అలాగే నిలబడింది. చెప్పాల్సిన జవాబు నాలుక చివర ఉంది. ఉద్యోగం కూడా అక్కడే ఉంది. చివరికి 'ఎనీ డౌట్స్?' అని అడిగింది. అరవై తలలు బెంచీల కిందికి వెళ్లిపోయాయి. పూర్ణిమ తల అందరికంటే కిందికి.

డైరెక్టరు గారు సాయంత్రం పిలిచి, అక్క ఏమీ తప్పు చేయలేదని, ఆ అమ్మాయికి మాత్రం కొంచెం నచ్చజెప్పమని మర్యాదగా చెప్పి పంపారు. కొత్త అద్దాలు బాగున్నాయా అని కూడా అడిగారు.

"ఏమన్నవ్ అక్కా?" అని అడిగాను.

"బాగున్నయని చెప్పిన."

రాత్రి అన్నం ముందు కూర్చుని అక్క మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది. నా వైపు చూడకుండానే ఒక మాట అంది.

"గా పిల్ల ఇగ నోరు తెరవదు, చెల్లె."

కాబట్టి పాఠకులారా, ఇప్పటికైనా నా వాదన ఒప్పుకోండి. విమానాల రొద తగ్గించమని అర్జీలు పెట్టేవాళ్లు పిల్లల భవిష్యత్తుకు శత్రువులు. ప్రభుత్వానికి నాదొక విన్నపం. ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ పక్కన ఒక రన్‌వే వేయించాలి. గంటకు ఇన్ని అని కాకుండా, పిల్లల్లో ఎవరి గొంతులో డౌటు కదిలినా వెంటనే ఒక విమానం లేచేలా ఏర్పాటు చేయాలి. లెక్కలకు పెద్దవి, కెమిస్ట్రీకి చిన్నవి. ఫిజిక్స్ వాళ్లు కోరుకుంటే ఒక హెలికాప్టరు.

దీనికంటే తేలికైన మార్గం ఒకటి ఉందని కొందరు అంటారు. 'నాకు అర్థం కాలేదు' అనే ఒక్క మాటను పిల్లలు ఇంట్లో అమ్మతో చెప్పినట్టే టీచరుతో కూడా చెప్పుకోనిస్తే చాలు కదా, రన్‌వేలూ విమానాలూ ఎందుకని వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ఆచరణలో సాధ్యమయ్యే సంగతులు మాట్లాడుకుందాం. రన్‌వేకు భూమి దొరుకుతుంది. సిమెంటు దొరుకుతుంది. ఆ ఒక్క మాటకు చోటు ఎక్కడ దొరుకుతుంది?

మూడో విజిల్ వచ్చిందో లేదో తేలకుండానే కుక్కరు దించేశాను. ఇవాళ గాలి మంచి దిక్కున ఉంది. ఒకదాని వెనుక ఒకటి లేస్తున్నాయి. అక్క తయారై, కాలేజీ ఐడీ కార్డు మెడలో వేసుకుని, గది మధ్యలో నిలబడి పై కప్పు వంక చూస్తూ వింటోంది. పప్పన్నం కలిపి పెట్టనా అని అడిగాను. 

గడప దగ్గరికి వెళ్లి వంగింది. తలుపు కింద దూర్చి ఉన్న తుమ్మచెక్క ముక్కను బయటికి లాగింది. చీర చెంగుతో మట్టి తుడిచి, మందం ఎంతుందో రెండు వేళ్ల మధ్య పెట్టి చూసుకుని, బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుంది.

మెట్లు దిగి వెళ్లిపోయింది. పైన విమానం లేచింది, ఆపేది లేక మా తలుపు దభాలున మూసుకుంది.